ఆసుపత్రి శుభ్రతకు మార్కులు వేసేదెలా?

సర్కారు ఆసుపత్రి శుభ్రంగా ఉందో లేదో చెప్పడానికి కళ్లూ ముక్కూ చాలనుకుంటాం. నేల మెరిసి ఫినాయిల్ వాసన వస్తే చాలు, ఫరవాలేదనేస్తాం. ఆ లెక్క ఎంత ప్రమాదమో 1847లోనే వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు తేల్చాడు. శవపరీక్ష గది నుంచి నేరుగా ప్రసూతి వార్డుకు వచ్చే వైద్యులు బ్లీచింగ్ ద్రావణంతో చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాక బాలింతల చావులు బాగా తగ్గాయి. చూపుకు శుభ్రంగా ఉన్న చేతులే అంతవరకూ ప్రాణాలు తీశాయి.

అందుకే శుభ్రతను కొలిచేటప్పుడు మెరుపు కంటే పనితీరును చూడాలి. కేంద్ర ఆరోగ్యశాఖ 2015 మే 15న ప్రారంభించిన కాయకల్ప పథకంలో ఈ ఆలోచన ఉంది. ఒక్కో అంశం పూర్తిగా అమలైతే 2 మార్కులు, కొంతే అమలైతే 1, లేకపోతే 0. ముందు ఆసుపత్రి వాళ్లే వేసుకుంటారు, తర్వాత వేరే ఆసుపత్రి బృందం, ఆపైన బయటి మదింపుదారులు వస్తారు. ఈ పథకం ఇచ్చే అవార్డుకు కనీసం 70 శాతం రావాలి. నేల తుడిచే తీరే చూడండి. ఒకే బకెట్టులో మాపు ముంచి వార్డంతా తుడిస్తే, ఒక మంచం కింది మురికిని పక్క మంచం కిందికి మోసినట్టే. అందుకని మాపు జాడించే నీళ్లు వేరు, మందు కలిపిన ద్రావణం వేరు బకెట్లలో ఉండాలంటారు. ద్రావణం ఏ పాళ్లలో కలుపుతున్నావమ్మా అని పారిశుద్ధ్య కార్మికురాలిని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. గోడలకు రాత్రికి రాత్రే సున్నం వేయొచ్చు గానీ, ఆ జవాబు రాత్రికి రాత్రి రాదు.

తనిఖీ తేదీ ముందే తెలిస్తే అదంతా ఒక్కరోజు ముచ్చటే కదా అనే అనుమానం న్యాయమైనదే. తేదీ చెప్పకుండా వెళ్లడం, రోగినీ తోడున్నవాళ్లనూ అడగడం, వాళ్ల మాటకు ఎక్కువ మార్కులివ్వడం దానికి విరుగుడు. రోగుల రద్దీ, సిబ్బంది కొరత మధ్య ఈ మార్కులేమిటని ఆసుపత్రి వాళ్లు అడిగేది ఇంకా గట్టి ప్రశ్న. కుళాయిలో నీళ్లే రాకపోతే చేతులు కడుక్కోలేదని నర్సును తప్పుపట్టడం అన్యాయం. అలాగని మదింపు మానేస్తే ఆ ఎండిన కుళాయి ఏ కాగితం మీదికీ ఎక్కదు. సున్నా పడాల్సిందే, అది ఎవరి ఖాతాలో పడాలన్నదే తేల్చాలి. తెలుగు రాష్ట్రాల్లో భవనాలు, పరికరాల పనులు చూసేందుకు విడిగా మౌలిక వసతుల సంస్థలున్నాయి. ఊడ్చి తుడిచే పని చాలాచోట్ల కాంట్రాక్టు ఏజెన్సీలది. మార్కుల మొత్తం మాత్రం సూపరింటెండెంటు పేరిటే వస్తుంది. ఏ సున్నా ఎవరిదో, ఎప్పటిలోగా సరిచేస్తారో రాసి వార్డు గోడకు అతికిస్తే, కుళాయి కోసం ఎవరిని నిలదీయాలో రోగి బంధువుకూ తెలుస్తుంది.