వెన్నుపోటు తర్వాత వచ్చిన రైలు

1972 నాటికి ఓజేస్ బృందానికి చెప్పుకోదగ్గ పెద్ద హిట్టు లేదు. ఒహాయో రాష్ట్రంలోని క్యాంటన్ ఊళ్లో 1958లో హైస్కూలు కుర్రాళ్లు ఐదుగురు కలిసి మొదలుపెట్టిన బృందమిది. ఎడ్డీ ఓజే అనే క్లీవ్‌లాండ్ రేడియో వ్యాఖ్యాత పేరునే తమ పేరుగా పెట్టుకున్నారు. చివరికి మిగిలింది ముగ్గురు: ఎడ్డీ లెవర్ట్, వాల్టర్ విలియమ్స్, విలియం పావెల్.

ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో వాళ్లు చేసిన 'బ్యాక్ స్టాబర్స్' (వెన్నుపోటుగాళ్లు) ఆల్బమ్ వాళ్ల దశ తిప్పేసింది. కెన్నీ గ్యాంబుల్, లియోన్ హఫ్ అనే జంట అంతకు ముందు ఏడాదే ఫిలడెల్ఫియా ఇంటర్నేషనల్ అనే రికార్డుల కంపెనీ పెట్టారు. సిగ్మా సౌండ్ స్టూడియోలో వాళ్లకు ఎమ్.ఎఫ్.ఎస్.బి. అనే ఆస్థాన వాద్యబృందం ఉండేది. చర్చిలో పుట్టిన గొంతుకి వయొలిన్లు, బాకాలు తోడుచేసి, అడుగున డ్రమ్స్ దరువు గట్టిగా నిలబెట్టడం ఈ ఊరి సోల్ సంగీతం ప్రత్యేకత.

ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాటని చెవి పెట్టి వినాలి. ముందు పియానో మంద్రంలో ఉరుముతుంది. ఆ వెనకే గిటారు, కాంగా డ్రమ్ములు, వయొలిన్లు. ఏదో జరగబోతోందన్న బెంగ మనల్ని పట్టుకున్నాక గానీ గొంతులు రావు. ఈ అమరిక థామ్ బెల్‌ది. నవ్వుతూ పలకరిస్తూనే ఇంట్లో చిచ్చుపెట్టే స్నేహితుల గురించి లెవర్ట్ గరగర గొంతుతో గోడు వెళ్లబోసుకుంటుంటే, మిగతా ఇద్దరూ బుర్రకథలో వంతల్లా మాట అందుకుంటారు. పాట ఆర్ అండ్ బీ పట్టికలో మొదటి స్థానానికి, పాప్ పట్టికలో మూడో స్థానానికి ఎక్కింది.

అదే ఆల్బమ్‌లోని '992 ఆర్గ్యుమెంట్స్' అంత దూరం వెళ్లలేదు. 'టైమ్ టు గెట్ డౌన్' ఆర్ అండ్ బీలో రెండో స్థానం అందుకుంది. అసలు తుఫాను 'లవ్ ట్రైన్'. 1973 మార్చిలో పాప్ పట్టికలో మొదటి స్థానం దీనిదే. ఓజేస్‌కి ఆ గౌరవం దక్కింది ఈ ఒక్క పాటతోనే. వియత్నాం యుద్ధంపై పారిస్ శాంతి ఒప్పందం జరిగి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. ఇంగ్లండు, రష్యా, చైనా, ఆఫ్రికా అంటూ అందరినీ రైలెక్కమని పిలుస్తుందా పాట. ఈజిప్టునీ ఇజ్రాయెల్‌నీ పక్కపక్కనే పేర్కొంటుంది. ఆ రెండు దేశాలూ అదే ఏడు అక్టోబరులో యుద్ధానికి దిగాయి.

ఇది అమాయకపు పాట అనేవాళ్లున్నారు. విడిగా వింటే అలాగే అనిపించవచ్చు. కానీ ఆల్బమ్‌లో దాని చోటు చూడండి. లోకశాంతి గురించిన పాటతో ఆల్బమ్ మొదలవుతుంది, రెండో పాటకే వెన్నుపోటు తగులుతుంది. ఎనిమిదో పాట మళ్లీ అసూయపరుల గురించే. ఇన్ని దెబ్బలు తిన్న గొంతులే పదో పాటగా, చిట్టచివర 'లవ్ ట్రైన్' పాడతాయి. మనుషులు ఎలాంటివాళ్లో తెలిశాకే పిలుస్తున్నారు వాళ్లు. నా మటుకు నాకు ఈ రెండు హిట్లూ ఒకే పాటకి రెండు చరణాలు. వరస తప్పించి వింటే రెండోదాని బలం సగం పోతుంది.