ఎదురుగాలికి ఎదురెక్కే పడవ

రోడ్లు, లారీలు ఇంతగా లేని రోజుల్లో గోదావరి డెల్టా కాలువల మీద ధాన్యం, కలప, కొబ్బరికాయలు పడవల్లోనే వెళ్ళేవి. వాలుగాలి వీస్తే పడవవాళ్ళు తెరచాప ఎత్తి హాయిగా కూర్చునేవారు. గాలి ఎదురు తిరిగితే మాత్రం తెరచాప దించి, పడవకు తాడు కట్టి, గట్టు వెంబడి నడుస్తూ లాగవలసి వచ్చేది. మీ తాతయ్యను అడగండి. ఆయన ఆ దృశ్యం చూసే ఉంటారు.

ఇప్పుడొక ప్రశ్న. మీరొక చిన్న పడవలో ఉన్నారు. తాడుతో లాగేవాళ్ళు లేరు. ఇంజను లేదు. ఉన్నది తెరచాప ఒక్కటే. గాలి పడమటి నుంచి వీస్తోంది. మీరు చేరవలసిన గట్టు కూడా పడమటనే ఉంది. వెళ్ళగలరా?

వెళ్ళగలరు! పదేళ్ళ పిల్లలు కూడా వెళుతున్నారు. హైదరాబాదు హుస్సేన్ సాగర్ మీద తెల్లని తెరచాపల చిన్న పడవలు వంకరటింకరగా తిరుగుతూ ఉండడం మీలో కొందరు చూసే ఉంటారు. ఆ వంకరల్లోనే జవాబు ఉంది. అయితే ఆ జవాబు ఒక్కరోజులో చేతికి రాదు. మెట్టు మెట్టుగా నేర్చుకోవాలి.

నీటి మీద బడి

బ్రిటన్‌లో రాయల్ యాటింగ్ అసోసియేషన్ అనే సంస్థ ఉంది. పడవ పందేల కోసం 1875లో పుట్టిన ఈ సంస్థ, తర్వాతి కాలంలో తెరచాప పడవ నడపడానికి ఒక పాఠ్యక్రమం తయారుచేసింది. పిల్లలకు అందులో నాలుగు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టులో పడవ భాగాల పేర్లు, చుక్కాని పట్టుకోవడం నేర్పుతారు. నాలుగో మెట్టు దాటేసరికి, నీటి మీద ఎదురయ్యే చిక్కులను సొంతంగా పరిష్కరించుకొనే నేర్పు వస్తుంది. పెద్దలకు వేరే తరగతులు ఉన్నాయి. ఉద్యోగం నుంచి రిటైరైన తాతయ్య కూడా మొదటి తరగతిలో చేరవచ్చు. శరీర వైకల్యం ఉన్నవారికి తగిన పడవలు, ఏర్పాట్లు కూడా ఉన్నాయి.

పిల్లలు మొదట ఎక్కే పడవ పేరు ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో క్లార్క్ మిల్స్ అనే పడవల నిర్మాత దీన్ని రూపొందించాడు. బజారులో దొరికే 8 అడుగుల ప్లైవుడ్ పలకలతో తేలికగా చేసుకోవాలన్నది ఆయన ఉద్దేశం. అందుకే దీని పొడవు 8 అడుగులకు కాస్త తక్కువ, అంటే దాదాపు 2.3 మీటర్లు. వెడల్పు 1.13 మీటర్లు. ముక్కు మొద్దుగా, చూడడానికి స్నానాలతొట్టిలా ఉంటుంది. పడవ బరువు 35 కిలోలు. ఒక్క పిల్లో, పిల్లవాడో కూర్చుని నడుపుతారు. 15 ఏళ్ళ వరకు ఈ పడవ పందేల్లో పాల్గొనవచ్చు.

పుచ్చగింజ రహస్యం

మొదటిరోజు గురువు అడిగే మొదటి ప్రశ్న, ‘‘గాలి ఎటునుంచి?’’ అని. జెండా చూడాలి. నీటి మీది ముడతలు చూడాలి. కళ్ళు మూసుకుని, రెండు చెవులకూ గాలి సమానంగా తగిలేవరకు తల తిప్పాలి. ఇప్పుడు మీ ముక్కు చూపే దిక్కే గాలి వచ్చే దిక్కు.

పడవ ముక్కును తిన్నగా ఆ దిక్కుకు తిప్పితే ఏమవుతుంది? తెరచాప ఆరేసిన పంచెలా రెపరెపలాడుతుంది. పడవ ఆగిపోతుంది. గాలి దిక్కుకు ఇరువైపులా సుమారు 45 డిగ్రీల మేర పడవ నడవదు. ఆ హద్దుకు ఇవతల మాత్రం నడుస్తుంది. ఎలా?

తడి పుచ్చగింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి చూడండి. చటుక్కున ముందుకు దూకుతుంది. మీ వేళ్ళు ముందుకు తొయ్యలేదు, రెండు పక్కల నుంచీ నొక్కాయి, అంతే. తెరచాప పడవ కూడా అటువంటి గింజే. ఒక వేలు గాలి. రెండో వేలు నీరు.

తెరచాప గాలిని ఒక పక్కకు మళ్ళిస్తుంది. న్యూటన్ మూడవ నియమం ప్రకారం గాలి కూడా తెరచాపను అవతలి పక్కకు తోస్తుంది. ఈ తోపును రెండు అంశాలుగా విడదీద్దాం. ఒకటి పడవను పక్కకు నెట్టేది, ఇది పెద్దది. రెండోది ముందుకు నెట్టేది, ఇది చిన్నది. పక్కకు జారకుండా పడవ అడుగున నీటిలోకి దించిన నిలువు పలక ఒకటి అడ్డుకుంటుంది. దీన్ని డాగర్‌బోర్డు అంటారు. వెడల్పాటి పలకను నీటిలో పక్కకు జరపడం కష్టం, అంచు ముందుగా జరపడం సులువు. కనుక పక్కబలం చాలావరకు రద్దయిపోతుంది. మిగిలిన చిన్న ముందుబలమే పడవను నడుపుతుంది.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు దొరికింది. పడవ కాసేపు గాలికి కుడిపక్కగా 45 డిగ్రీల కోణంలో పోతుంది. తర్వాత ముక్కు తిప్పి, ఎడమపక్కగా పోతుంది. ఇలా గాలికి అడ్డంగా ముక్కు తిప్పడాన్ని టాకింగ్ అంటారు. ఎదురుగా 100 మీటర్లు వెళ్ళాలంటే పైథాగరస్ లెక్కన సుమారు 141 మీటర్లు తిరగాలి. సన్నని కాలువలో ఇలా తిరగడానికి చోటేదీ? అందుకే ఆనాటి పడవవాళ్ళు తాడు పట్టుకున్నారు.

అయిదు సూత్రాలు

పడవ ఎక్కినంతసేపూ అయిదు సంగతులు చూసుకోవాలని బ్రిటన్ పాఠ్యక్రమంలో నేర్పుతారు.

1. తెరచాప: దాన్ని బిగించే తాడును, అంచు రెపరెపలాడేవరకు వదలాలి. తర్వాత రెపరెప ఆగేవరకు మాత్రమే లాగాలి. అతిగా బిగిస్తే వేగం తగ్గుతుంది.

2. నిలువు పలక: ఎదురుగాలిలో పూర్తిగా దించాలి. పక్కగాలిలో సగం ఎత్తాలి. వాలుగాలిలో పక్కబలం ఉండదు కనుక చాలావరకు ఎత్తేయాలి.

3. పక్కల తూకం: పడవ ఒక పక్కకు ఒరగకుండా కూర్చోవాలి.

4. ముందువెనకల తూకం: బాగా వెనక్కి కూర్చుంటే పడవ వెనుకభాగం మునిగి నీటిని ఈడుస్తుంది. సరిగా మధ్యన ఉండాలి.

5. దారి: మనం ముక్కు పెట్టిన దిక్కుకే పోతున్నామా, గాలికి పక్కకు కొట్టుకుపోతున్నామా అని గట్టు మీది గుర్తులతో సరిచూసుకోవాలి.

ఇవికాక చుక్కాని సంగతొకటి ఉంది. దాని పిడిని ఎడమకు తోస్తే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది! కొత్తవాళ్ళందరూ ఇక్కడే తికమకపడతారు.

ఒక లెక్క చేద్దాం

మూడో సూత్రం ప్రాణం నిలిపేది. అందులో మీరు చదివిన బల భ్రామకమే ఉంది. గాలి తెరచాపను 100 న్యూటన్ల బలంతో, నిలువు పలక మధ్య నుంచి 1.5 మీటర్ల ఎత్తున తోస్తోంది అనుకుందాం. పడవను ఒరగదోసే భ్రామకం 100 × 1.5 = 150 న్యూటన్ మీటర్లు. మీ బరువు 40 కిలోలు, అంటే సుమారు 400 న్యూటన్లు. 150ని 400తో భాగిస్తే 0.375 మీటరు. కనుక మీ గరిమనాభి పడవ మధ్యరేఖకు 37 సెంటీమీటర్లకు కాస్త అవతల ఉంటే చాలు. అంచున కూర్చుంటే సరిపోతుంది.

ఇంతలో గాలి రెట్టింపు వేగంతో విసిరికొట్టింది. గాలి బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది! భ్రామకం 600 న్యూటన్ మీటర్లు. ఇప్పుడు మీరు 1.5 మీటర్ల దూరాన ఉండాలి. పడవ సగం వెడల్పు 57 సెంటీమీటర్లే. కాళ్ళు పట్టీలకు తగిలించి ఒళ్ళంతా బయటకు వాల్చినా అంత దూరం అందదు. మరేం చేయాలి? చేతిలోని తాడు వదిలేయాలి. తెరచాప రెపరెపలాడుతుంది, బలం పోతుంది, పడవ నిలబడుతుంది. భయం వేసినప్పుడు చేతులు తాడును ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. ఆ అలవాటును మాన్పడమే తొలి రోజుల అభ్యాసం.

బోల్తాపడడం కూడా పాఠమే

ఎంత జాగ్రత్తపడినా చిన్న పడవ ఎప్పుడో ఒకసారి బోల్తాపడుతుంది. అందుకే శిక్షణలో కావాలనే బోల్తా కొట్టిస్తారు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉంటుంది. గురువు మోటారు పడవలో పక్కనే ఉంటాడు.

తిరగబడ్డ పడవ మునగదు. ఆప్టిమిస్ట్‌లో గాలి నింపిన సంచులు కట్టి ఉంటాయి. వాటి ఉత్ప్లవన బలం పడవను తేలుస్తుంది. విద్యార్థి ముందు తెరచాప తాడు వదులు చేస్తాడు. పడవను పట్టుకునే అడుగువైపుకు ఈదుకుంటూ వెళ్ళి, నిలువు పలక కొనను పట్టుకుని తన బరువంతా వేస్తాడు. పలక తులాదండంలా పనిచేస్తుంది. తెరచాప మెల్లగా నీటిలోంచి పైకి లేస్తుంది. పడవ నిలబడగానే లోపలికెక్కి, బకెట్టుతో నీళ్ళు తోడెయ్యాలి.

ఇక్కడొక నియమం. పడవను ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు. గట్టు దగ్గరగానే కనిపిస్తుంది. ‘నాకు ఈత వచ్చు’ అనిపిస్తుంది. కానీ నీటి మీద దూరం కంటిని మోసం చేస్తుంది. అలల్లో, తడిబట్టల్లో ఒళ్ళు త్వరగా అలసిపోతుంది. ఒంటరి తల వెతికేవాళ్ళకు కనిపించదు. తేలుతున్న పడవ కనిపిస్తుంది. పడవను అంటిపెట్టుకున్నవారి దగ్గరికి సాయం త్వరగా చేరుతుంది.

పై మెట్టు

ఆప్టిమిస్ట్ చాలని వయసు వచ్చాక లేజర్ అనే పడవ ఉంది. కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ దీని నమూనా గీశాడు. 1971 నుంచి అమ్మకానికి వచ్చింది. ఇప్పుడు దీన్ని ఐ.ఎల్.సి.ఎ. అని పిలుస్తున్నారు. పొడవు సుమారు 4.2 మీటర్లు. పడవ ఒక్కటే, తెరచాపలు మూడు సైజులు. తేలికైన వారికి 4.7 చదరపు మీటర్లు, మధ్యవారికి 5.76, బరువైనవారికి 7.06. పైన చేసిన లెక్క గుర్తుంటే కారణం మీరే చెప్పగలరు. ఈ పడవ 1996లో ఒలింపిక్స్‌లో ప్రవేశించింది. చెన్నైకి చెందిన నేత్రా కుమనన్, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మధ్య సైజు తెరచాపతో పోటీచేసి, ఒలింపిక్స్ తెరచాప పందెంలో పాల్గొన్న తొలి భారతీయ మహిళ అయింది. హుస్సేన్ సాగర్ మీద కూడా లేజర్ పందేలు జరుగుతాయి.

మీరు చేసి చూడండి

జానెడు పొడవున థర్మోకోల్ పడవ చేయండి. మధ్యలో కొబ్బరిపుల్ల గుచ్చి, దానికి పోస్టుకార్డు తెరచాప తగిలించండి. తొట్టిలో వదిలి పక్కనుంచి మెల్లగా ఊదండి. పడవ పక్కకు జారిపోతుంది. ఇప్పుడు అడుగున, పడవ పొడవు వెంబడి ఒక పలచని ప్లాస్టిక్ ముక్కను నిలువుగా గుచ్చండి. తెరచాపను కాస్త ఏటవాలుగా తిప్పి మళ్ళీ పక్కనుంచే ఊదండి. పడవ ఎటు కదిలిందో రాసుకోండి. తెరచాప కోణం మారుస్తూ, ఏ కోణంలో బాగా నడుస్తుందో కనిపెట్టండి.

ఒక్క మాట మాత్రం మరవకండి. ఈ ప్రయోగం తొట్టిలోనే. గురువు, లైఫ్ జాకెట్, తోడు పడవ లేకుండా చెరువులోకి, కాలువలోకి దిగకండి. గాలిని మనం మార్చలేం. తెరచాపను ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో నేర్చుకుంటే మాత్రం ఆ గాలితోనే దానికి ఎదురెక్కవచ్చు.