వైనిల్ సైడింగ్: త్వరగా అంటుకోదు, కానీ మంటను ఆపదు

అమెరికాలో, ముఖ్యంగా తూర్పు రాష్ట్రాల్లో, ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామంది ఇళ్ల బయటి గోడలకు వైనిల్ సైడింగే ఉంటుంది. దాని మీద ఉన్న నమ్మకాలు కొన్ని నిజంగా ప్రమాదకరం.

అపోహ: వైనిల్‌కు నిప్పంటుకోదు.

వాస్తవం: ఇందులో సగం నిజం ఉంది, చిక్కంతా అక్కడే. ఈ పలకలు పీవీసీతో చేస్తారు. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరిన్ కావడంతో అది తేలిగ్గా మండదు. కలప సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర అంటుకుంటే, వైనిల్‌కు 390 దాకా కావాలి. అమ్మేవాళ్లు ఇక్కడితో ఆగిపోతారు. కానీ 75 డిగ్రీలు దాటకుండానే అది మెత్తబడుతుంది. మంట సోకితే సాగి, జారి, ఊడిపడుతుంది. వెనకున్న చెక్క బయటపడుతుంది. మంట గోడ వెంట పాకి, చూరు కింద గాలికోసం వదిలిన రంధ్రాల గుండా అటక మీదికి చేరుతుంది. ఇంట్లో స్మోక్ అలారం మోగకముందే పైకప్పు అంటుకోవచ్చు.

అందుకే దూరం ముఖ్యం. గ్రిల్ గోడకు కనీసం 10 అడుగుల అవతల ఉండాలి. చేపల వేపుడు వాసన ఇంట్లో నిలవకూడదని పెరట్లో గోడవారన పెట్టే గ్యాస్ పొయ్యికీ ఇదే లెక్క. దీపావళి కాకరపువ్వొత్తులు కూడా గోడకు దూరంగానే. గోడ మొదట్లో పరిచిన ఎండిన మల్చ్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు.

అపోహ: సైడింగ్ వంకర్లు పోయిందంటే పక్కన ఎవరో మంట పెట్టినట్టే.

వాస్తవం: పక్కింటి లో-ఈ (వేడిని తిప్పికొట్టే పూత ఉన్న) కిటికీ కావచ్చు. దాని జంట అద్దాలు కాస్త లోపలికి వంగితే, ఎండను ఒకేచోటికి మళ్లించి పలకను కరిగిస్తాయి. పలక మారిస్తే కొత్తదీ కరుగుతుంది. ఆ కిటికీకి బయటివైపు నిండుగా దోమతెర వేస్తే చాలావరకు తగ్గుతుంది.

పలకలకు మేకులు బిగించి కొడితే గట్టిగా ఉంటుందన్నదీ తప్పే. 12 అడుగుల పలక ఎండకూ చలికీ అర అంగుళం దాకా సాగి ముడుచుకుంటుంది. మేకు పలకకున్న గాడి మధ్యలో, కాస్త వదులుగా ఉండాలి.

మిగిలిన ముక్కల్ని పెరటి మంటలో వేయొద్దు. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. గోడే అంటుకుంటే అందరినీ బయటికి రప్పించి, ఆ పొగకు ఎదురుగా నిలబడకుండా, 911కు ఫోన్ చేయండి.