కణం వేసే ముద్ర బాక్టీరియా చేతిలో పడితే

జీవకణంలో ప్రోటీన్లు నిరంతరం తయారవుతూ, పని ముగిశాక నశిస్తూ ఉంటాయి. వాటిలో ఏది నిలవాలో, ఏది పోవాలో, ఏది ఎక్కడికి చేరాలో తెలపడానికి కణం వాడే ముద్రలలో ప్రధానమైనది యుబిక్విటిన్. 76 అమైనో ఆమ్లాలు మాత్రమే గల ఈ చిన్న ప్రోటీన్ ఈస్టు మొదలు మనిషి వరకు దాదాపు ఒకే రూపంలో ఉంటుంది. దీనిని మరొక ప్రోటీనుకు అతికించే పని మూడు ఎంజైముల చేతుల మీదుగా సాగుతుంది: మొదటిది కణానికి ఇంధనమైన ఏటీపీని ఖర్చు చేసి యుబిక్విటిన్‌ను సిద్ధం చేస్తే, రెండవది దానిని అందుకుంటుంది, మూడవది తగిన ప్రోటీన్‌ను గుర్తించి, సాధారణంగా అందులోని లైసీన్ అనే అమైనో ఆమ్లానికి ముద్ర పడేలా చేస్తుంది. ఇలా యుబిక్విటిన్ గొలుసు తగిలించుకున్న ప్రోటీన్లను ప్రోటియాసోమ్ అనే విచ్ఛేదక యంత్రం ముక్కలు చేస్తుంది. ఈ ఏర్పాటును వెలికితీసినందుకే ఆరన్ సీకనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

ఈ ముద్ర రక్షణకూ పనికివస్తుంది. కణంలోకి చొరబడిన సాల్మొనెల్లా వంటి బాక్టీరియా చుట్టూ యుబిక్విటిన్ పూత ఏర్పడితే, కణం దానిని పొరలో చుట్టి జీర్ణం చేసుకుంటుంది. కనుక వ్యాధికారక బాక్టీరియాకు ఈ వ్యవస్థను లోబరచుకోవడం చావుబతుకుల సమస్య. రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా, సూదివంటి నిర్మాణం ద్వారా తన ప్రోటీన్లను ఆతిథేయ కణంలోకి ఎక్కిస్తుంది; వాటిలో కొన్ని మూడవ ఎంజైము పాత్ర ధరించి, బాక్టీరియాను అడ్డుకునే కాపలా ప్రోటీన్లకే వినాశ ముద్ర వేయిస్తాయి. కాపలాదారులను కణం తన చేతులతోనే తుదముట్టిస్తుంది.

అయితే షిగెల్లా కూడా కణంలోని మొదటి రెండు ఎంజైములపై ఆధారపడక తప్పదు. ఆ ఆధారాన్ని సైతం తెంచుకున్నది లెజియొనెల్లా న్యూమోఫిలా. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మాజీ సైనికుల సమావేశానికి వచ్చినవారిలో ప్రబలిన తీవ్రమైన న్యుమోనియాకు కారణంగా ఇది బయటపడింది. ఊపిరితిత్తులలో తనను మింగిన రక్షక కణాలలోనే ఒక రిక్తికను, అంటే పొరతో కూడిన గదిని, నిర్మించుకుని పెరిగే ఈ బాక్టీరియా, మూడువందలకు పైగా ప్రోటీన్లను ఆ కణంలోకి పంపుతుంది. వాటిలో సిడ్‌ఈ అనే కుటుంబం మొదటి, రెండవ ఎంజైముల అవసరం లేకుండా, ఏటీపీ ఖర్చు కూడా లేకుండా యుబిక్విటిన్‌ను అతికించగలదని 2016లో వెల్లడైంది. ఎన్‌ఏడీ అనే సహాయక అణువు నుంచి ఒక భాగాన్ని తీసి యుబిక్విటిన్‌లోని 42వ స్థానపు ఆర్జినీన్‌కు తగిలించడం తొలి మెట్టు. ఆ భాగంలో కొంతను వంతెనగా చేసుకుని యుబిక్విటిన్‌ను లక్ష్య ప్రోటీన్‌లోని లైసీన్‌కు కాక సెరీన్ అనే మరో అమైనో ఆమ్లానికి జతచేయడం రెండవ మెట్టు. ఈ పరాయి ముద్ర పడిన ప్రోటీన్లలో అంతర్జీవ ద్రవ్యజాలానికి, అంటే కణంలోని పొరల వలకు, సంబంధించినవి ఉండటం వల్ల ఆ పొరలు బాక్టీరియా గది చుట్టూ చేరతాయి. మూడు ఎంజైముల వరుసే ఏకైక మార్గమని దశాబ్దాలపాటు సాగిన పాఠాన్ని ఒక సూక్ష్మజీవి తిరగరాయించడం ఈ శాస్త్రంలో అరుదైన ఘట్టం.

అంతకంటే ఆశ్చర్యకరమైనది దాని నిగ్రహం. మార్పు చెందిన యుబిక్విటిన్ మితిమీరితే కణపు సహజ వ్యవస్థ స్తంభించి, బాక్టీరియా ఉన్న ఇల్లే కూలిపోతుంది. అందుకే లెజియొనెల్లా ఆ ముద్రను తొలగించే ఎంజైములతోపాటు, సిడ్‌ఈ పనిని ఆపే సిడ్‌జే అనే ప్రోటీన్‌ను కూడా పంపుతుంది. సిడ్‌జే పనిచేయాలంటే కాల్మోడ్యులిన్ అనే ఆతిథేయ ప్రోటీన్ తోడు కావాలి. అది బాక్టీరియాలో లేదు కనుక, ఈ కళ్లెం కణంలో అడుగుపెట్టాకనే బిగుస్తుంది.

ఈ ఆయుధాలు మనిషి కోసం పదునెక్కినవి కావు. లెజియొనెల్లా సహజ నివాసం నీటిలోని అమీబాలు. మనిషి నుంచి మనిషికి అది సాధారణంగా సోకదు. శుభ్రపరచని శీతలీకరణ గోపురాలు, నీటి గొట్టాలు, తుంపర్లు చిమ్మే పరికరాల నుంచి గాలిలో కలిసిన సూక్ష్మ నీటిబిందువులను పీల్చడం వల్ల ప్రధానంగా అది ఊపిరితిత్తులకు చేరుతుంది.