సూట్‌కేసులో వచ్చిన మాత్రలు

పోయిన శీతాకాలంలో ఒక గురువారం అర్ధరాత్రి. మూత్రానికి వెళ్తే భగ్గున మంట. పది నిమిషాలకోసారి పరుగు, తీరా వెళ్తే నాలుగు చుక్కలు. ఎడిసన్‌లో మా అపార్ట్‌మెంట్ బాత్రూమ్‌లో కూర్చుని విజయవాడకి ఫోన్ చేశాను. అమ్మ వెంటనే తేల్చేసింది: "వేడి చేసిందే. బార్లీ నీళ్ళు కాచుకుని తాగు. మొన్న పట్టుకెళ్ళిన మాత్రలున్నాయిగా, రెండు వేసుకో."

ఆ మాత్రలు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాయి. ఊరి నుంచి ఆవకాయ, కారప్పొడుల మధ్య సర్దుకొచ్చే మందుల డబ్బాలో. మా డబ్బాలో సిప్రోఫ్లాక్సాసిన్ స్ట్రిప్ ఉంది. అంతకుముందు ఏడాది ఇలాగే మంట వస్తే రెండు రోజులు వేసుకుని, తగ్గగానే మానేసి, మిగిలినవి దాచాను.

ఈసారి వేసుకోలేదు. తెలివితో కాదు, ఎక్స్‌పైరీ డేట్ దాటిపోయింది కాబట్టి!

మర్నాడు అర్జెంట్ కేర్‌కి వెళ్ళాను. జ్వరం, చలి, నడుము పక్కన నొప్పి ఉన్నాయా, గర్భవతినా అని డాక్టర్ గారు అడిగారు. ఈ మధ్య ఇండియా వెళ్ళారా, యాంటిబయాటిక్స్ ఏమైనా వాడారా అని కూడా అడిగారు. సిగ్గుపడుతూనే నిజం చెప్పాను. అందుకే మామూలు యూరిన్ టెస్ట్‌తో ఆగకుండా కల్చర్‌కి కూడా పంపారు.

నైట్రోఫ్యూరాంటోయిన్ 100 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, 5 రోజులు, అన్నం తిన్నాక వేసుకోమన్నారు. రెండో రోజుకే మంట తగ్గింది. ఈసారి మాత్రం ఐదు రోజులూ వాడాను. తర్వాత కల్చర్ రిపోర్ట్ వచ్చింది: ఈ.కోలై బాక్టీరియా, సిప్రోకి లొంగని రకం. అంటే నా స్ట్రిప్ వేసుకుని ఉంటే తగ్గకపోగా రోజులు వృథా అయ్యేవి.

ఏ మందు, ఎన్ని రోజులు?

ఈ ఇన్ఫెక్షన్ మనలో దాదాపు సగం మందికి జీవితంలో ఒక్కసారైనా వస్తుంది. దాచుకోవాల్సిన విషయం కాదు. మూత్రాశయం వరకే ఉంటే చికిత్స చిన్నదే. నైట్రోఫ్యూరాంటోయిన్ 5 రోజులు, లేదా సల్ఫా మందు కలిసిన ట్రైమెథోప్రిమ్ 3 రోజులు, లేదా నీళ్ళలో కలుపుకుని ఒక్కసారే తాగే ఫాస్ఫోమైసిన్ 3 గ్రాములు. సల్ఫా ఎలర్జీ, కిడ్నీ సమస్య, జీ6పీడీ లోపం ఉంటే ముందే చెప్పాలి.

సిప్రో ఈ వరుసలో లేదు. వేరే దారి లేనప్పుడే దాన్ని ఈ చిన్న ఇన్ఫెక్షన్‌కి వాడాలని ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది. కండర బంధనాలకీ నరాలకీ శాశ్వతంగా హాని జరిగే ప్రమాదం ఉంది.

ఇక్కడ చీటీ లేకుండా దొరికే ఫెనాజోపిరిడిన్ మంట తగ్గిస్తుంది, మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. కానీ అది యాంటిబయాటిక్ కాదు, బాక్టీరియాని చంపదు. రెండు రోజులకి మించి వాడకూడదు.

ఎప్పుడు ఆగకూడదు?

జ్వరం, వణుకు, వాంతులు, పక్కటెముకల కింద వీపు నొప్పి ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి చేరి ఉండవచ్చు. అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. గర్భిణులైతే చిన్న మంటైనా వెంటనే చెప్పండి. మందు వాడాక కూడా తగ్గకపోయినా, మళ్ళీ మళ్ళీ వస్తున్నా కల్చర్ చేయించమని అడగండి. ఇండియా నుంచి వచ్చి కొన్ని నెలలే అయితే డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. ప్రయాణంలో మందులకి లొంగని బాక్టీరియా మన పేగుల్లో చేరి వస్తూంటుంది.

అమ్మ మాట పూర్తిగా తప్పు కాదు. నీళ్ళు తక్కువ తాగేవాళ్ళు బాగా తాగితే ఇన్ఫెక్షన్ మళ్ళీ రావడం తగ్గుతుంది. న్యూయార్క్ రైలెక్కాక బాత్రూమ్ అవసరం పడుతుందని ఇంట్లో నీళ్ళు తాగకుండా బయల్దేరే అలవాటు నాకుండేది, మానుకున్నాను.

మొన్న ఊరెళ్ళినప్పుడు అమ్మ మళ్ళీ మందుల డబ్బా సర్దింది. అందులోంచి యాంటిబయాటిక్ స్ట్రిప్పులు తీసి పక్కన పెట్టాను. ఆ ఖాళీలో అమ్మ బార్లీ పొట్లం పెట్టింది. దానికి నేనేమీ అడ్డు చెప్పలేదు.