విశ్వాసమునకు బదులు

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్క మొట్టమొదటిది. ఆవు, గొఱ్ఱె, గుఱ్ఱము మొదలైనవి మనుష్యుని చెంత చేరుటకు వేల సంవత్సరములకు పూర్వమే, తోడేలు వంశమునకు చెందిన ఈ జంతువు అతని వెంట వేటకు నడచినది. రాత్రులందు అతని నెగడి ప్రక్క కాపలా పండుకొన్నది. కుక్క విశ్వాసమును గుఱించి లోకమున పెక్కు కథలు కలవు. కాని ఆ విశ్వాసమునకు మనుష్యుడు ఇయ్యవలసిన బదులేమి అను ప్రశ్నను కొలదిమందియే వేసికొందురు.

ఈ ప్రశ్నకు మహాభారతమున ఒక సమాధానము కలదు. పాండవులు మహాప్రస్థానమునకు వెడలినపుడు ఒక కుక్క వారిని అనుసరించినది. ద్రౌపదియు, నలుగురు తమ్ములును త్రోవలో నేలకొఱిగిరి. చివరకు ఇంద్రుడు రథముతో వచ్చి, కుక్కను విడిచి స్వర్గమునకు రమ్మని ధర్మరాజును పిలిచెను. తన్ను నమ్మి వెంట వచ్చిన ప్రాణిని విడిచిపెట్టి పొందు స్వర్గము తనకు వలదని ధర్మరాజు నిరాకరించెను. ఆ కుక్క ధర్మదేవతయే అని తరువాత తెలిసినది.

చరిత్రయందును ఇట్టి సాక్ష్యము ఒకటి కలదు. 1914లో జర్మనీ దేశమున, బాన్ నగరము చెంతనున్న ఒబర్‌కాసెల్ అను చోట ఒక ప్రాచీన సమాధి బయటపడినది. అందు ఒక పురుషుని అస్థికలు, ఒక స్త్రీ అస్థికలు, వాటితోపాటు సుమారు 7 నెలల కుక్కపిల్ల ఎముకలు ఉండెను. అవి దాదాపు 14,000 సంవత్సరముల నాటివి. ఆ పిల్ల దంతములను పరీక్షించిన శాస్త్రజ్ఞులు, అది డిస్టెంపర్ అను తీవ్ర వ్యాధితో కొన్ని వారములు బాధపడియుండెనని 2018లో నిర్ణయించిరి. ఎవరైనను నీరు త్రాగించి, వెచ్చగా ఉంచి, శుభ్రము చేయనిదే అది అన్ని దినములు బ్రదుకజాలదు. రోగముతో పడియున్న పిల్ల వేటకు గాని, కావలికి గాని పనికిరాదు. అయినను దానిని సాకినవారు ఉండిరి.

నాటి బంధము నేటి నగరములందును నిలిచియున్నది. హైదరాబాదున జూబిలీ హిల్స్ చెంత కృష్ణానగర్ అను పేట కలదు. చలనచిత్రములలో చిన్న వేషములు వేయువారు, దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు పెక్కుమంది ఇచటి ఇఱుకు సందులలో అద్దె గదులయందు కాపురముందురు. ఎగువను జూబిలీ హిల్స్‌లో తోటలుగల భవనములు కలవు. భవనమున పెరుగు విదేశీ జాతి కుక్కకును, సందులో గడప ముందు పండుకొను నాటు కుక్కకును వెలయందు భేదమున్నది గాని దేహధర్మమున భేదము లేదు. రెండింటి ఆకలియు, రోగమును, వార్ధక్యమును ఒక్కటియే.

కుక్క గర్భధారణ కాలము సుమారు 63 దినములు. పుట్టినపుడు పిల్లల కన్నులు మూసికొనియుండును. రెండు వారములకు తెఱచుకొనును. మూడవ వారమునుండి పాలపండ్లు మొలచును. అవి 28. ఏడవ నెల నాటికి అవి రాలిపోయి 42 గట్టి దంతములు వచ్చును. ఈ కాలమున చిగుళ్ల దురదచే పిల్ల చెప్పులను, పుస్తకములను కొఱుకును. అది అల్లరియే గాని దుర్బుద్ధి కాదు. తోడిపిల్లలతో ఆడుచు, ఎంత గట్టిగా కఱచిన నొప్పి కలుగునో అది నేర్చుకొనును. కావున 8 వారములు నిండనిదే పిల్లను తల్లినుండి వేఱుచేయరాదు.

ఆటలాడు ఈ వయస్సే అపాయకరమైన వయస్సు కూడ. తల్లిపాలవలన కలిగిన రక్షణ కొన్ని వారములలో తగ్గిపోవును. అపుడు పార్వో అను వ్యాధి సోకవచ్చును. 1978 ప్రాంతమున ఇది ప్రపంచమంతట వ్యాపించినది. వాంతులు, నెత్తుటి విరేచనములు దీని లక్షణములు. చికిత్స లేనిచో పెక్కు పిల్లలు కొలది దినములలోనే మరణించును. 6 లేక 8 వారముల వయస్సునుండి వైద్యుడు చెప్పిన వరుసలో టీకాలు వేయించినచో ఈ ముప్పు చాలవఱకు తప్పును.

మూడవ నెలలో రేబిస్ టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించవలెను. 1885లో ఫ్రాన్సు దేశమున లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కఱచిన జోసెఫ్ మైస్టర్ అను తొమ్మిదేండ్ల బాలునకు టీకా ఇచ్చి కాపాడెను. ఈ వ్యాధి లక్షణములు బయటపడిన పిదప బ్రదుకుట దాదాపు అసంభవము. కావున ఏ కుక్క కఱచినను గాయమును 15 నిమిషములు సబ్బుతో, ధారగా పడు నీటితో కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. సున్నము, కారము, పసరు పూయరాదు. మందలింతురను భయముచే పిల్లలు కాటును దాచరాదు.

కుక్కకు మనుష్యునివలె ఒళ్లంతయు చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుచు అది దేహమును చల్లబఱచుకొనును. అందుచే చలిదేశములకు చెందిన దట్టమైన బొచ్చు కుక్కలు హైదరాబాదు వేసవిలో మిక్కిలి బాధపడును. ఆంధ్రదేశపు జొనంగి కుక్క బొచ్చు పొట్టిది. అది ఈ ఎండలకు తగినది. పిడుదులు పట్టిన కుక్కకు వాటివలన తీవ్ర జ్వరము వచ్చి, చిగుళ్లు పాలిపోవచ్చును. ఒక్కొక్కపుడు ముక్కునుండి రక్తము కారును.

ఏడెనిమిది ఏండ్లు దాటిన కుక్క నెమ్మదించును. మూత్రపిండముల వ్యాధి, మధుమేహము, గడ్డలు, కీళ్లనొప్పులు ఈ వయస్సున కనిపించును. తన బాధను అది మాటలతో చెప్పజాలదు. ఎక్కువగా నీరు త్రాగుట, చిక్కిపోవుట, తోక ఆడించుచు ఎదురువచ్చుట మానుట మున్నగునవే దాని మాటలు. ముక్కు పొడిగా ఉన్నచో జ్వరమని ఒక నమ్మకము కలదు. అది నిశ్చయము కాదు. కుక్క సహజమైన వేడి 101 నుండి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండును. దానిని కొలిచి చూడవలసినదే. మనుష్యులు వాడు నొప్పి మాత్రలు దానికి విషము కావచ్చును. చాకొలేటు, ద్రాక్ష, ఉల్లి కూడ హానికరములు. రోగము కుదురని స్థితి వచ్చినపుడు, బాధను తగ్గించి, నమ్మినవారి చేతి స్పర్శలో దానిని సాగనంపుటయే మిగిలిన సేవ.

ఈ దశలోనే కొందఱు కుక్కను దూరపు వీథిలో విడిచి వచ్చెదరు. ఆకలిదప్పులకు గుఱియగునట్లు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ఇట్టి దిక్కులేని జీవుల కొఱకు నటీనటులైన అక్కినేని అమల, నాగార్జున దంపతులు 1992లో హైదరాబాదు బ్లూ క్రాస్ అను సంస్థను స్థాపించిరి. గాయపడిన జంతువులకు చికిత్స చేయుట, వీథి కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి రేబిస్ టీకా వేయుట దాని పనులు. అయినను ఏ సంస్థయు ఒక ఇంటికి బదులు కాజాలదు.

కావున పిల్లను తెచ్చుటకు ముందే ఇంటివారు ఆలోచించవలెను. చిత్రీకరణకు తెల్లవాఱకమున్నే వెడలి రాత్రి తిరిగివచ్చు ఇంట దానికి అన్నము పెట్టువారెవరు? వైద్యమునకు ధనమేది? పది పండ్రెండు ఏండ్లు దానిని సాకగలరా? వీనికి సమాధానము లేనిచో తేకుండుటయే దయ. తెచ్చినవారు మాత్రము ఆటలనాటి పిల్లను ఎత్తుకొన్న చేతులతోనే మంచమెక్కలేని ముసలికుక్కను ఎత్తుకొనవలెను. విశ్వాసమునకు తగిన బదులు అదియే.