విద్యుత్ రంగంలో స్త్రీలు: కొలువు నుంచి నాయకత్వం దాకా

భారతదేశంలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్న తొలి మహిళ తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టి, పదిహేనో ఏట పెళ్లయి, పద్దెనిమిదో ఏట నెలల బిడ్డతో భర్తను పోగొట్టుకున్న ఆమె 1940లో గిండీ ఇంజినీరింగ్ కళాశాలలో అడుగుపెట్టగలిగారంటే, అక్కడే ఆచార్యుడైన తండ్రి పప్పు సుబ్బారావు పట్టుదల, ఆడపిల్లలను చేర్చుకోవడానికి ఒప్పుకున్న ప్రిన్సిపాల్ కె.సి. చాకో చొరవ అందుకు కారణాలు. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరి, ప్రసార లైన్ల రూపకల్పన, సబ్‌స్టేషన్ల అమరిక, లైనులో లోపం తలెత్తిన వెంటనే సరఫరాను తెంచే రక్షణ పరికరాల ఎంపిక వంటి పనులు చేశారు. భాక్రా నంగల్ ఆనకట్ట జనరేటర్ల పనిలోనూ పాలుపంచుకున్నారు. అన్నదమ్ముల్లో ఒకరు కలకత్తాలో ఉండడం, ఆయన భార్య లలిత కూతురి ఆలనాపాలనా చూడడం వల్లనే ఆ ఉద్యోగం సాధ్యమైంది.

ఒక కుటుంబం పూనుకొని చేసిన ఈ ఏర్పాటును వేలమందికి సంస్థలే చేయాలి. 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్నచోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పినా, కొద్దిమందితో నడిచే సబ్‌స్టేషన్‌కు, సెక్షన్ ఆఫీసుకు ఆ లెక్క వర్తించడం కష్టం కనుక, బిడ్డ తల్లి అయిన ఇంజినీరు ప్రధాన కార్యాలయంలోని కుర్చీనే కోరుకోవలసి వస్తుంది. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ 2019లో వెలువరించిన నివేదిక ఆ రంగంలో మహిళలు మొత్తం మీద 32 శాతం ఉన్నారని, అయితే కార్యాలయ నిర్వహణ ఉద్యోగాల్లో 45 శాతమున్న వారి వాటా శాస్త్ర సాంకేతిక ఉద్యోగాల్లో 28 శాతమేనని తేల్చింది.

ఈ తేడా నాయకత్వానికి అడ్డుగోడ. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)గా చేరినవారు ఆ తర్వాతి హోదా అయిన ఏడీఈ, డివిజనల్ ఇంజినీరు (డీఈ), సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్‌ఈ), చీఫ్ ఇంజినీరు (సీఈ) మెట్లెక్కి డైరెక్టర్ల స్థాయిని అందుకోవాలంటే, సీనియారిటీతో పాటు, విద్యుత్ కేంద్రంలో యూనిట్ ట్రిప్ అయి ఉత్పత్తి ఆగిపోయిన అర్ధరాత్రి నిర్ణయం తీసుకున్న అనుభవమూ కావాలి. ఆ అనుభవాన్ని చట్టమే చాలాకాలం స్త్రీలకు అందనివ్వలేదు. విద్యుదుత్పత్తిని కర్మాగారపు పనిగా లెక్కించిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 66వ సెక్షన్ ద్వారా, రాత్రి 7 నుంచి ఉదయం 6 దాకా మహిళలను పనిలో పెట్టరాదంది. ఈ రాత్రి నిషేధం చెల్లదని మద్రాసు హైకోర్టు 2000లో తీర్పిచ్చింది. సమ్మతి, భద్రతా ఏర్పాట్లు ఉంటే రాత్రి పని చేయవచ్చని 2020 నాటి వృత్తి భద్రతా స్మృతి అంగీకరించింది. రక్షణ పేరిట పెట్టిన నిషేధం అనుభవాన్నే దూరం చేసిందన్నది కాదనలేని నిజం.

కిందిమెట్టులోనూ ఇదే కథ. తెలంగాణలో 2019 నాటి జూనియర్ లైన్‌మన్ నియామకాలకు మహిళలు అర్హులు కారంటే, అభ్యర్థినులు హైకోర్టుకెక్కి స్తంభం ఎక్కే పరీక్షకు అనుమతి సాధించారు. వారిలో సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష పరీక్ష నెగ్గి 2021లో ఉద్యోగంలో చేరారు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఎల్‌సీ, అంటే మరమ్మతు ముగిసేదాకా ఆ లైనుకు కరెంటు వదలబోమన్న హామీ, సబ్‌స్టేషన్ నుంచి తీసుకొని, తీగను ఎర్త్ చేసి, సేఫ్టీ బెల్టు బిగించుకుంటారు. ఈ క్రమంలో ప్రాణం కాపాడేది జాగ్రత్తే. అది ఆడా మగా చూడదు. బెల్టు, గ్లవ్స్ ఒంటికి సరిపోకపోతే మాత్రం ప్రమాదమే కాబట్టి, స్త్రీల కొలతలకు తగిన సామగ్రి కొనడం, సబ్‌స్టేషన్‌లో మరుగుదొడ్డి కట్టడం భద్రతా నిబంధనల్లో భాగం కావాలి.

దక్షిణాసియా విద్యుత్ రంగ మహిళల కోసం ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో నడుస్తున్న వీపవర్ వేదిక ఇంజినీరింగ్ చదువు మొదలుకొని నియామకం, వృత్తి శిక్షణ, ఉద్యోగంలో నిలుపుకోవడం దాకా పనిచేస్తోంది. వీటిలో నిలుపుకోవడమే అన్నిటికన్నా కష్టం. ప్రసూతి సెలవు ముగించుకొని వచ్చిన ఏడీఈని బిల్లింగ్ విభాగానికి పంపకుండా తిరిగి ఆపరేషన్ విభాగంలోనే నియమించడం, బదిలీ చేసినచోట క్వార్టర్ ఇవ్వడం, రక్షణ వ్యవస్థల శిక్షణకు ఎంపిక చేసే జాబితాలో ఆమె పేరు చేర్చడం యాజమాన్యాల చేతిలో ఉన్న పనులే. వీటికి కొత్త చట్టం అక్కర్లేదు.